మెటల్ డిటెక్టర్ విసిగిస్తోందా? పెద్దది కొనే ముందు ఇవి చూడండి

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉంటూ వారాంతాల్లో మెటల్ డిటెక్టర్‌తో పార్కులు, బీచ్‌లు గాలించే మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "నాది రెండు బటన్ల చిన్న మెషీన్. ఫీచర్లు ఎక్కువున్నది కొనమంటారా?" ధర సంగతి తర్వాత. మెషీన్ ఏ విషయంలో ఇబ్బంది పెడుతోందో ముందు తేల్చుకోవాలి. నా అభిప్రాయంలో సగానికి పైగా ఇబ్బందులు సెట్టింగ్‌తోనో, కాయిల్ (నేల మీద ఊపే గుండ్రటి పళ్లెం) ఊపే తీరుతోనో వచ్చేవే. వాటికి కొత్త మెషీన్ మందు కాదు. అయితే కొన్ని చోట్ల మాత్రం చిన్న మెషీన్ నిజంగానే చేతులెత్తేస్తుంది.

ఆన్ చేస్తే చాలు, ఆగకుండా కూస్తోంది

కాయిల్‌ని నేలకు దూరంగా గాలిలో కదలకుండా పట్టుకోండి. అప్పుడూ కూస్తుంటే కారణం నేల కాదు, చుట్టుపక్కల ఉన్న కరెంటు. హైటెన్షన్ తీగలు, జేబులోని సెల్‌ఫోన్, పక్కనే తిరుగుతున్న ఇంకో డిటెక్టర్, వీటిలో ఏదైనా కావచ్చు. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, సెన్సిటివిటీ (ఎంత సన్నని సంకేతానికి స్పందించాలో చెప్పే సెట్టింగ్) ఒక్కో మెట్టు తగ్గిస్తూ రండి. ఫ్రీక్వెన్సీని (కాయిల్ పంపే సిగ్నల్ సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) కొద్దిగా జరుపుకునే సదుపాయం ఉంటే అదీ వాడండి.

కదలకుండా ఉంచితే నిశ్శబ్దంగా ఉండి, ఊపినప్పుడే కూస్తుంటే కాయిల్ వైరు వదులుగా ఉందేమో చూడండి. దాన్ని కడ్డీకి బిగువుగా చుట్టాలి. వైరు ఊగితే దాన్నే లోహం అనుకుని మెషీన్ అరుస్తుంది. సెన్సిటివిటీ ఎప్పుడూ చివరిదాకా పెంచి ఉంచేవాళ్లకే ఈ బాధలు ఎక్కువ. కాస్త తగ్గించి ప్రశాంతంగా వింటే లోతులో ఉన్న సన్నని శబ్దం కూడా చెవిన పడుతుంది.

ఇంట్లో పరీక్షించి మెషీన్ చెడిపోయిందని తేల్చేయకండి. స్లాబులో ఇనుప చువ్వలు, గోడల్లో వైర్లు ఉంటాయి. పరీక్ష ఆరుబయటే చేయాలి.

తవ్వినవన్నీ చెత్తే: పుల్ ట్యాబులు, రేకు ముక్కలు

ఎక్కువమందిని ఖరీదైన మెషీన్ వైపు తోసేది ఈ విసుగే. కానీ అసలు కారణం భౌతికశాస్త్రంలో ఉంది. నేలలో తగిలిన వస్తువుకు (టార్గెట్‌కు) స్క్రీన్ మీద కనిపించే టార్గెట్ ఐడీ లోహం పేరు చెప్పదు. ఆ వస్తువు కరెంటును ఎంత బాగా పారనిస్తుందో, దాని సైజు, ఆకారం ఏమిటో, అన్నీ కలిపి ఒక అంకెగా చూపిస్తుంది. అమెరికన్ నికెల్ (5 సెంట్ల) నాణెంలో 75 శాతం రాగి, 25 శాతం నికెల్. ఆ నాణెం, సన్నని బంగారు ఉంగరం, కూల్‌డ్రింక్ క్యాన్ మూతకుండే అల్యూమినియం పుల్ ట్యాబ్, ఈ మూడూ దాదాపు ఒకే ప్రాంతంలో పడతాయి. ఈ ఐడీకి చిన్న మెషీన్ స్క్రీన్ మీద ఐదారు గడులు చూపిస్తే, పెద్దది 99 అంకెలు చూపిస్తుంది. వివరం పెరుగుతుంది కానీ ఉంగరానికీ ట్యాబుకీ మధ్య గోడ మాత్రం లేవదు.

అందుకే ట్యాబుల బాధ పడలేక డిస్క్రిమినేషన్ (వద్దనుకున్న లోహాలకు కూయకుండా చేసే సెట్టింగ్) పెంచేస్తే వాటితోపాటు ఉంగరాలూ పోతాయి. ఇనుమును మాత్రం తప్పించి, మధ్య గడుల్లో పడేదాన్నల్లా తవ్వడమే మేలు. అంత ఓపిక లేని రోజున పై గడుల్లో (ఎక్కువ అంకెల్లో) పడేవే తవ్వండి. 1964 వరకు వచ్చిన 90 శాతం వెండి డైములు, క్వార్టర్లు (10, 25 సెంట్ల నాణేలు) పలికేది అక్కడే.

సీసా మూతలు వేరే రకం మోసం. ఇనుమే అయినా నాణెంలా పలుకుతాయి. కాయిల్‌ని ఆ చోటు మీదే ఉంచి, మీరు దాని చుట్టూ 90 డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపండి. నాణెం అయితే రెండు వైపులా ఒకేలా పలుకుతుంది, మూత అయితే శబ్దం చాలాసార్లు విరుగుతుంది.

పాత ఇళ్ల స్థలంలో అసలేమీ పలకడం లేదు

ఇలాంటి చోట నేల నిండా తుప్పు మేకులే. మేకు పక్కనే నాణెం ఉంటే, మేకును వదిలేయమన్న మాట విని మెషీన్ నాణేన్నీ మింగేస్తుంది. డిస్క్రిమినేషన్ సున్నాకి తెచ్చి, కాయిల్‌ని నెమ్మదిగా ఊపుతూ చెవులతో విడదీయండి. చిన్న కాయిల్ దొరికితే వెంటనే మార్చండి. కొత్త మెషీన్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, తేడా మాత్రం బాగా తెలుస్తుంది. ఎప్పుడూ ఇలాంటి స్థలాలకే వెళ్లేవాళ్లైతే, ఒక టార్గెట్ నుంచి ఇంకో టార్గెట్‌కి త్వరగా తేరుకునే వేగం మార్చుకోగల పెద్ద మెషీన్‌కి డబ్బు పెట్టండి. అది వృథా కాదు.

బీచ్‌లో పొడి ఇసుక మీద బాగుంది, తడి ఇసుక మీద పిచ్చిగా అరుస్తోంది

ఇక్కడ తప్పు మీది కాదు. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీతో పనిచేసే మెషీన్‌కి తడి ఇసుకంతా లోహంలాగే తోస్తుంది. సెన్సిటివిటీ బాగా తగ్గిస్తే కొంత నడుస్తుంది కానీ లోతు పోతుంది. నిజమైన పరిష్కారం ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు వాడే మెషీన్, లేదా పల్స్ ఇండక్షన్ (కరెంటును తెరలు తెరలుగా పంపి లోహాన్ని పట్టే రకం). పల్స్ రకం ఉప్పును బాగా తట్టుకుంటుంది కానీ ఇనుమును వేరు చేయడంలో బలహీనం. హెయిర్‌పిన్నులు కూడా తవ్వడానికి సిద్ధపడాలి.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. బటన్లు తక్కువైనంత మాత్రాన లోపల టెక్నాలజీ పాతదేం కాదు. మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్ 340 వాడకంలో చాలా తేలిక, అయినా మల్టీ ఫ్రీక్వెన్సీయే. గారెట్ ఏటీ ప్రోలో సెట్టింగులు ఎక్కువ, 10 అడుగుల నీటిలోనూ పనిచేస్తుంది, అయినా దానిది 15 కిలోహెర్ట్జ్ ఒక్క ఫ్రీక్వెన్సీయే. కొనేటప్పుడు మెనూలు లెక్కపెట్టకుండా, ఒక్క ఫ్రీక్వెన్సీయా, ఒకేసారి అనేకమా అని అడగండి. వాటర్‌ప్రూఫ్ అన్నది కాయిల్‌కేనా, స్క్రీన్, బటన్లు ఉండే పెట్టెకు కూడానా అన్నదీ అడగండి. చిన్న మెషీన్లలో చాలావాటికి కాయిల్ ఒక్కటే తడవచ్చు.

ఎర్ర నేలలో లోతు పడిపోయింది

నేలలోని ఐరన్ ఆక్సైడ్ కారణం. చిన్న మెషీన్లలో గ్రౌండ్ బ్యాలెన్స్ (నేల నుంచి వచ్చే శబ్దాన్ని కొట్టేసే సర్దుబాటు) ఫ్యాక్టరీలోనే ఖాయం చేసి పంపుతారు, మార్చలేం. మార్చుకునే వీలుంటే లోహం లేని చోట కాయిల్‌ని పైకీ కిందికీ ఆడిస్తూ నేల శబ్దం సద్దుమణిగేదాకా సరిచేయాలి. ఇలాంటి నేలే మీ రోజువారీ చోటైతే మెషీన్ మార్చాల్సిందే.

మామూలు మట్టిలోనే లోతు రావడం లేదంటే కాయిల్ ఎత్తు చూసుకోండి. ఊపు చివర్లో చెయ్యి పైకి లేస్తుంది. నాణెం దాదాపు కాయిల్ వెడల్పంత లోతులో దొరికితే అది మంచి ఫలితమే.

ఖరీదైనది కొన్నాక పాతదాని కన్నా తక్కువ దొరుకుతున్నాయి

సెట్టింగులు ఒకదాని మీద ఒకటి మార్చేస్తే ఏది దేన్ని చెడగొట్టిందో తెలియదు. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, పార్క్ మోడ్‌లోనే (పార్కుల కోసం ముందే సర్ది ఉంచిన సెట్టింగ్) కొన్ని వారాలు తిరగండి. పెరట్లో తెలిసిన నాణేలు, ఒక ఉంగరం, ఒక ట్యాబు 5, 10, 15 సెంటీమీటర్ల లోతుల్లో పాతి, ఒక్కో సెట్టింగ్ మార్చి వినండి. 2009లో ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్ నిధిని (పాతకాలపు బంగారు, వెండి వస్తువుల పెద్ద రాశి) బయటపెట్టిన టెర్రీ హెర్బర్ట్ చేతిలో ఉన్నది 14 ఏళ్ల పాత డిటెక్టర్. తన మెషీన్ చెప్పే మాట తెలిసినవాడికి, సరైన పొలం దొరికితే, అది చాలింది.

సెలవుల్లో ఊరికి తీసుకెళ్లి పొలంలో వెతకవచ్చా?

ఈ చిక్కు మెషీన్‌ది కాదు, చట్టానిది. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, నేలలో దాగి ఉన్న వస్తువు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే ఏడాది వరకు జైలు. గుప్తనిధుల పేరుతో పాత గుళ్లను, కోటలను తవ్వి పాడుచేసినవాళ్ల వార్తలు చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఆ చోట్లకు మెషీన్ పట్టుకెళ్లనే వద్దు. అమెరికాలో నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ తీసుకెళ్లడమే నిషేధం. బ్రిటన్‌లో ముందు పొలం యజమాని అనుమతి తీసుకోవాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1996 నాటి ట్రెజర్ చట్టం కింద నిధి అనిపించేది దొరికితే 14 రోజుల్లో అధికారులకు తెలియజేయాలి. పాత వస్తువు ఏది కనబడినా కడగకుండా, రుద్దకుండా, దొరికిన చోటు ఫొటో తీసి రాసిపెట్టుకోండి. అధికారులు మొదట అడిగేది ఆ వివరమే.