పథ్యం మార్చాక కదిలిన కాలు
మోకాలి చిప్ప విరిగి శస్త్రచికిత్స జరిగిన తరువాత, మా ఇంట్లో పెద్దలు పెట్టిన పథ్యాన్ని మూడు వారాలు నిష్ఠగా పాటించాను. పప్పు తింటే చీము పడుతుందనీ, గుడ్డు వేడి చేస్తుందనీ చెప్పి, చారన్నం, బీరకాయ కూర తప్ప మరేదీ కంచంలోకి రానివ్వలేదు. ఫిజియోథెరపీలో కాలు మడవకుండా పదిసార్లు పైకెత్తవలసి ఉండగా, నాలుగోసారికే తొడ వణికేది. లోపం నా పట్టుదలలోనే ఉందనుకున్నాను.

ఫిజియోథెరపిస్టు ఒకనాడు టేపుతో రెండు తొడలూ కొలిచి, ఆపరేషన్ అయిన కాలు రెండు సెంటీమీటర్లు సన్నబడిందని చూపి, ఏం తింటున్నారని అడిగారు. వ్యాయామం కండరానికి పని చెబుతుందే గాని, దానిని కట్టే ముడిసరుకు మాంసకృత్తులేనని వివరించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యవంతులకే కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు సూచిస్తుంది. గాయం మానే కాలంలో అంతకన్నా ఎక్కువే కావాలి. 60 కిలోల నాకు చారన్నంతో అందులో సగమైనా అందిందో లేదో.

మరునాటి నుంచి ఉదయం రెండు గుడ్లు, అంటే సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు, మధ్యాహ్నం ముద్దపప్పు, పెరుగు, సాయంత్రం ఉడికించిన శనగలు, వ్యాయామం కాగానే గ్లాసు పాలు మొదలుపెట్టాను. ఎముకకూ చర్మానికీ పట్టునిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తి తయారీకి విటమిన్ సి అవసరం కనుక జామకాయ చేర్చాను. మా అమ్మమ్మ మాత్రం నేను కర్ర వదిలేదాకా వంకాయకు ఒప్పుకోలేదు. దానితో నాకు పేచీ లేదు.

నెల తిరిగేసరికి పదిసార్లూ ఆగకుండా కాలెత్తగలిగాను. ఎముక అతకడం, వ్యాయామం తప్పకపోవడం కూడా తోడయ్యాయి గనుక ఘనతంతా పప్పుకే ఇవ్వను. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం మాంసకృత్తులు పెంచే ముందు వైద్యుణ్ణి అడగాలి.