తెర మీద బొమ్మ పడకపోతే: స్కూలు ల్యాబ్‌లో కటకాలు, పట్టకాలతో వచ్చే చిక్కులు

పదో తరగతిలో అయినా ఇంటర్ ప్రాక్టికల్స్‌లో అయినా కాంతి ప్రయోగం కుదరకపోతే ముందు నింద పడేది కటకం మీదే. "ఈ లెన్స్ పోయింది సార్" అంటారు. పగిలితే తప్ప లెన్స్ పోవడం అరుదు. తప్పు ఎక్కువగా దూరాల్లోనో ఎత్తుల్లోనో ఉంటుంది. అందుకే మొదలుపెట్టే ముందే కిటికీకి ఎదురు గోడ దగ్గర కటకం పట్టుకుని, బయటి చెట్టు బొమ్మ గోడ మీద స్పష్టంగా పడేదాకా జరపండి. కటకానికీ గోడకీ మధ్య దూరమే దాదాపుగా నాభ్యంతరం, అంటే దూరం నుంచి వచ్చే కాంతిని కటకం ఒకచోట చేర్చే దూరం. చెట్టు 10 మీటర్ల దూరంలో ఉంటే 20 సెం.మీ. నాభ్యంతరం ఉన్న కటకానికి వచ్చే తేడా 4 మిల్లీమీటర్లే. పెట్టె మీది అంకెను మాత్రం నమ్మకండి. ఏడాది తిరిగేసరికి ఏ కటకం ఏ పెట్టెలోకి చేరిందో ఎవరికీ తెలియదు.

తెర మీద బొమ్మే లేదు

తెర తీసేసి కటకంలోంచి కొవ్వొత్తిని చూడండి. మంట నిటారుగా, పెద్దగా కనిపిస్తే కొవ్వొత్తి నాభ్యంతరం లోపలే ఉంది. అది మిథ్యా ప్రతిబింబం, ఏ తెర మీదా పడదు. కొవ్వొత్తిని వెనక్కి జరపండి. కటకం ఎంత దూరంలో పెట్టినా మంట చిన్నగా, నిటారుగానే కనిపిస్తోందంటే చేతిలో ఉన్నది పుటాకార కటకం (మధ్యలో పల్చగా ఉండేది), దానితో తెర మీద బొమ్మ రాదు.

కొవ్వొత్తి నాభ్యంతరం బయటే ఉన్నా బొమ్మ లేదంటే చోటు చాలడం లేదేమో చూడండి. 20 సెం.మీ. కటకానికి 25 సెం.మీ. దూరంలో కొవ్వొత్తి పెడితే బొమ్మ 100 సెం.మీ. అవతల పడుతుంది. మీటరు బల్ల మీద అంత చోటెక్కడిది? కొవ్వొత్తికీ తెరకీ మధ్య కనీసం నాలుగు నాభ్యంతరాల దూరం ఉండాలి. 30 సెం.మీ. కటకానికైతే అది 120 సెం.మీ., కాబట్టి మీటరు బల్ల మీద ఎంత తిప్పలు పడ్డా బొమ్మ రాదు. కటకం మార్చాలి, లేదా స్టాండ్లను నేల మీదికి దించి టేపుతో కొలవాలి.

మొదట పడిన బొమ్మ కాసేపటికి తెర దాటిపోతే కొవ్వొత్తిని చూడండి. అది కరుగుతూ కిందికి దిగుతుంటే తలకిందుల బొమ్మ పైకి పోతుంది. కొవ్వొత్తి బదులు అట్టముక్కలో బాణం గుర్తు కత్తిరించి, దానికి ట్రేసింగ్ కాగితం అంటించి, వెనక ఫోన్ టార్చి పెట్టండి. ఫ్యాన్ ఆపే పనీ ఉండదు. బాణం అంచు పదునుగా ఉంటుంది గనక బొమ్మ ఎక్కడ స్పష్టమైందో తేల్చుకోవడమూ తేలిక.

అంచులకు రంగులు, బొమ్మ మసక

ఎరుపు, నీలం ఒకే చోట కేంద్రీకరించవు, కటకం అంచు కిరణాలు మధ్య కిరణాలతో కలవవు. మధ్యలో చిన్న రంధ్రం ఉన్న నల్ల కాగితాన్ని కటకానికి తొడిగితే బొమ్మ శుభ్రపడుతుంది. అయితే రంధ్రం మరీ చిన్నదైతే తెరను అటూఇటూ ఎంత జరిపినా బొమ్మ బాగానే ఉన్నట్టు ఉంటుంది, రీడింగ్ నిలవదు.

నాభ్యంతరం ఒక్కో రీడింగుకి ఒక్కోలా వస్తోంది

విలువలు ఎలాపడితే అలా మారుతుంటే తప్పు చూపుది. ఒకవైపే జారుతుంటే స్టాండుది. కటకం కేంద్రం స్టాండు గీతకి సరిగ్గా పైన లేదన్నమాట. అర సెంటీమీటరు తేడా ఉందనుకోండి. కటకం నుంచి వస్తువుకీ తెరకీ అసలు దూరాలు 30, 60 అయినచోట మీరు 30.5, 59.5 రాస్తారు, రెండిటినీ గుణించి వాటి మొత్తంతో భాగిస్తే నాభ్యంతరం 20.16 వస్తుంది. కటకాన్ని తెరవైపు జరిపితే 60.5, 29.5 రాస్తారు, అప్పుడు 19.83. ఇలాంటప్పుడు ఇంటర్ వాళ్లకి నేను చెప్పేది స్థానభ్రంశ పద్ధతి. వస్తువునీ తెరనీ 90 సెం.మీ. ఎడంలో కదలకుండా ఉంచి కటకాన్ని మాత్రమే జరపండి. ఒకచోట పెద్ద బొమ్మ, ఇంకోచోట చిన్న బొమ్మ పడతాయి. ఈ రెండు చోట్లకీ మధ్య దూరం 30 వచ్చిందనుకుందాం. 90 వర్గంలోంచి 30 వర్గం తీసి, 90కి నాలుగు రెట్లయిన 360తో భాగిస్తే 20. కటకం స్టాండు దోషం రెండు చోట్లా ఒకటే గనక తీసివేతలో పోతుంది.

అన్ని రీడింగులకీ సరిగ్గా 20.00 వచ్చిన రికార్డు చూస్తే మాత్రం నాకు అనుమానమే. అది బల్ల మీద కాక కాలిక్యులేటర్లో పుట్టిన రీడింగ్.

పట్టకంలో గుండుసూదులు కనబడవు

కిరణం దారిని గుర్తించడానికి ఒకవైపు గుచ్చిన సూదులు పట్టకం (ప్రిజం) అవతలి ముఖంలోంచి కనబడటం లేదంటే, పతన కోణం (ముఖానికి లంబంగా గీసిన గీతతో కిరణం చేసే కోణం) మరీ తక్కువ పెట్టి ఉంటారు. 60 డిగ్రీల పట్టకానికి వక్రీభవన గుణకం (గాజు కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.5 అయితే, పతన కోణం సుమారు 28 డిగ్రీలకు లోపు ఉంటే కిరణం రెండో ముఖం నుంచి బయటికి రాదు, సంపూర్ణాంతర పరావర్తనం చెందుతుంది, అంటే పూర్తిగా లోపలికే తిరిగిపోతుంది. 35తో మొదలుపెట్టండి. పతన కోణానికీ విచలన కోణానికీ (కిరణం మొత్తం ఎంత వంగిందో ఆ కోణం) గీసిన గ్రాఫ్ అడుగు ఎక్కడో తేలకపోతే 45 నుంచి 55 మధ్య రెండేసి డిగ్రీలకో రీడింగ్ తీయండి. ఆ అడుగు దగ్గరి విలువే కనిష్ఠ విచలన కోణం, అది 37, 39 మధ్య రావాలి. చాలా తేడాగా ఉంటే పట్టకం కోణం నిజంగా 60 ఉందో లేదో కొలవండి.

సూదుల తలలు కాదు, మొదళ్లు ఒకే వరుసలో కనబడాలి. సూది వంగి ఉంటే తల వరుసలో ఉన్నా మొదలు ఉండదు, కాగితం మీద గుచ్చుకునేది మొదలే. సూదుల మధ్య 5 సెం.మీ. ఎడమైనా ఉంచండి. గాజు దిమ్మతో బహిర్గత కిరణం (బయటికి వచ్చేది) లోపలికి వెళ్లిన కిరణానికి సమాంతరంగా రాకపోవడానికీ చాలావరకు ఇవే కారణాలు, లేదా గీత గీశాక దిమ్మ కదిలి ఉంటుంది.

లేజర్ గీత కనబడదు

నీళ్లలోనైతే ఒక చుక్క పాలు, గాలిలోనైతే అగరొత్తి పొగ చాలు. 1 మిల్లీవాట్ లోపు లేజరే వాడండి. బజారులో చవగ్గా దొరికే పాయింటర్ల మీది లేబుల్ నమ్మేది కాదు. కిరణం పిల్లల కంటి ఎత్తుకి కిందే ఉండాలి, అద్దం మీద పడి ఎటు తిరుగుతుందో ముందే చూసుకోవాలి.

కటకం మీద మచ్చలు

చున్నీతోనో చొక్కాతోనో తుడవకండి. దుమ్ములోని ఇసుక రేణువు గాజు కన్నా గట్టిది, గీతలు పడతాయి. సబ్బు నీళ్లతో కడిగి మెత్తటి నూలుగుడ్డతో అద్దండి. కోస్తా ఊళ్ల తేమకి సాలెగూడులా బూజు పడుతుంది, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. బూజు గాజును తినేసినా నాభ్యంతరం మారదు, బొమ్మ కాస్త వెలవెలబోతుంది, అంతే. ఆ కటకాన్ని పారేయకుండా చిన్న తరగతుల వాళ్లకి ఇవ్వచ్చు.