వాకిట్లో చుక్క – నాలుగో పాఠం: కాగితం కంటే ముందు బద్దల సంగతి

క్రిస్మస్‌కూ సంక్రాంతికీ వాకిట్లో వేలాడదీసే అయిదు కొసల చుక్క, అంటే లోపల బల్బు వెలిగే కాగితపు నక్షత్రం, చేస్తున్నాం కదా. ఈ పాఠంలో దాని వెదురు బద్దల చట్రానికి కాగితం అంటించాలి. అందుకే రంగు కాగితాలు తెచ్చి పెట్టుకోమని పోయినసారే చెప్పాను. కానీ మీరు పంపిన ఫొటోలు చూశాక కాగితాన్ని సగం పాఠం వెనక్కి జరపక తప్పలేదు. చట్రాల్లో చాలావరకు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. కొన్నిటికి కొసలు కలవలేదు. కలవని చోట పురికొసతో బలవంతంగా లాగి కట్టేశారు, దాంతో బద్దలు వంగిపోయాయి. పెరంబూరు నుంచి వచ్చిన ఒక ఫొటోలో నాలుగు కొసలు బాగానే కూడాయి, అయిదోది మాత్రం పక్కింటి వైపు చూస్తోంది. "కాగితం అంటిస్తే కనపడదు కదండీ" అని కింద రాశారు. కనపడుతుందండీ. లోపల బల్బు వెలిగాక ప్రతి బద్ద నీడా కాగితం మీద పడుతుంది. పగలు దాగిన వంకర రాత్రి వీధి మొత్తానికీ తెలుస్తుంది.

ఎక్కడ తేడా వచ్చిందో ఫొటోల్లోనే ఉంది. పక్క బద్దలు దాటే చోట్లు తెలియడానికి, 60 సెంటీమీటర్ల బద్దకు రెండు కొసల నుంచీ 23 దగ్గర గుర్తు పెట్టమన్నాను. అంటే 23, 14, 23. బద్ద 60 తీసుకున్నవాళ్ళకు చట్రం చక్కగా వచ్చింది. మిగతావాళ్ళు చేతికి దొరికిన వెదురును బట్టి 45, 50, 75 కోసుకున్నారు. కోసుకోండి, తప్పేం లేదు. కానీ ఆ తర్వాత "మూడు ముక్కలే కదా" అనుకుని బద్దను మూడు సమాన భాగాలు చేశారు. ఏ ఏడాది ఎవరికి నేర్పినా ఇదే జరుగుతుంది. చదువుకున్నవాళ్ళు మరీ ఎక్కువగా చేస్తారు, స్కేలు పెట్టి మరీ చేస్తారు.

అయిదు కొసల చుక్కలో బద్ద మూడు సమాన భాగాలు కాదు. మధ్య ముక్క ఎప్పుడూ పొట్టిది, రెండు చివరి ముక్కలూ పొడుగైనవి. బద్ద పొడవు ఎంతైనా దాన్ని 0.382తో గుణించండి, వచ్చిన దూరంలో రెండు కొసల నుంచీ గుర్తు పెట్టండి. 45కు 17.2, మధ్యలో 10.6 మిగులుతుంది. 50కి 19.1, మధ్యలో 11.8. 75కు 28.6, మధ్యలో 17.8. బాల్కనీ పెద్దదని 90 కోసినవారు ఒకరున్నారు, వారికి 34.4, మధ్యలో 21.2. కొబ్బరి ఈనెలతో 30 సెంటీమీటర్లది చేస్తుంటే 11.5, మధ్యలో 7.

సమానంగా కడితే ఏమవుతుందో ఒకసారి చూడండి. 60 బద్దను 20, 20, 20గా గుర్తుపెట్టి, బద్దలు దాటే అయిదు చోట్లా ఆ గుర్తుల దగ్గరే కట్టారనుకుందాం. మధ్యలో 20 సెంటీమీటర్ల భుజాలతో అయిదు పలకల గడి వస్తుంది. దాని ఒక్కో భుజం మీద కొస తేలాలంటే పక్క బద్దలు రెండూ 32 సెంటీమీటర్ల పైన సాగాలి. మీ దగ్గర మిగిలింది 20. అందుకే రెండు బద్దల చివరల మధ్య ఏడున్నర సెంటీమీటర్ల ఎడం. ఆ ఎడాన్నే మీరు పురికొసతో లాగారు. వెదురు ఊరుకోదు కదా, ఎటు బలం తక్కువైతే అటు ఒరిగింది. ఈనెలతో చేసినవాళ్ళకు ఈ బాధ అంతగా తెలియలేదు. 30లో తేడా గుర్తుకు ఒకటిన్నర సెంటీమీటరే, ఈనె ఎలాగోలా వంగి సర్దుకుంది. వాళ్ళు సరిగ్గా చేశామనుకుని ఇప్పుడు పెద్దది మొదలుపెడతారు. వద్దు, ముందు ఈ పేరా మళ్ళీ చదవండి.

నిజానికి నేను గుర్తులే పెట్టను. పోయినసారి గుర్తుల పద్ధతి చెప్పింది పిల్లలకు స్కేలు పట్టడం అలవాటవుతుందని. నా పద్ధతి వేరు. అయిదు బద్దల్ని కొసల దగ్గర మాత్రమే రబ్బరు బ్యాండ్లతో వరసగా కలపండి, చివరిది మొదటిదానితో కలిసేలా. దాన్ని నేల మీద చుక్క ఆకారంలో పరవండి. ప్రతి బద్దా తను దాటే రెండు బద్దల్లో ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా పోవాలి. ఇప్పుడు పక్కపక్క కొసల మధ్య దూరాన్ని దారంతో కొలవండి. అదే దారంతో అయిదు ఎడాలూ చూస్తూ, అన్నీ సమానమయ్యేదాకా కొసల్ని జరపండి. 60 బద్దకు ఈ ఎడం 37 దగ్గర ఆగుతుంది, కానీ ఆ అంకెతో పని లేదు. అయిదూ సమానమైతే బద్దలు దాటాల్సిన చోటే దాటుతాయి. అక్కడ పురికొసతో గట్టిగా కట్టేయడమే. దారం పట్టుకునే పని పిల్లలకు వదలండి. మీరు "సరిపోయిందిలే" అన్నా వాళ్ళు ఒప్పుకోరు, అదే మనకు కావాల్సింది.

చుక్క కట్టడంలో ఇంత లెక్కెందుకని ఒకరు విసుక్కున్నారు. క్రిస్మస్‌కు వేలాడదీసే పాతిక కొసల పైచిలుకు కాగితపు చుక్క ఒకటుంది, మొరేవియన్ చుక్క అంటారు. అది 1830ల్లో జర్మనీలోని నీస్కీ బడిలో పిల్లలకు జ్యామితి చెప్పడానికి చేసినదే. మనది అయిదు కొసలతో సరిపెడుతున్నాం, సంతోషించండి.

ఇలాంటి చట్రాలు రెండు కావాలి. కోయడం, చీరడం, ముడి వేయడం మళ్ళీ చెప్పను. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొసల దగ్గరా జతగా కట్టండి. తర్వాత బద్దలు దాటే అయిదు చోట్లా రెండు చట్రాల మధ్య 12 సెంటీమీటర్ల అడ్డపుల్ల నిలబెట్టి కట్టండి. ఇది 60 చుక్కకు చెప్పిన కొలత, మీ చుక్కకు బద్దలో అయిదో వంతు వేసుకోండి. చుక్క ఉబ్బుగా కనపడాలని ఇంకా పొడుగు పుల్ల పెట్టకండి, బద్ద కణుపు దగ్గర విరుగుతుంది.

ఇప్పుడు కాగితం. చెన్నైలో పారీస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధికి వెళ్తే కాగితాల దుకాణాలు వరసగా ఉంటాయి. గాలిపటాలకు వాడే పల్చటి కాగితం అడగండి. మెరుస్తుందని సెలోఫేన్ తెచ్చుకోకండి. అది మైదా జిగురుకు అంటుకోదు, పైగా పండగలయ్యాక పాత సామానుతో పాటు భోగి మంటలో పడుతుంది. 2018 భోగి నాడు పొగా మంచూ కలిసి ఈ ఊళ్ళో విమానాలే ఆగిపోయాయి, మన వంతు కూడా కలపడం ఎందుకు? రంగుల్లో నా ఓటు పసుపుకు, తర్వాత తెలుపుకు. ముదురు నీలం అందరూ ముచ్చటపడి కొంటారు, అది వెలుగంతా మింగేస్తుంది.

జిగురు పని ఇంట్లో అమ్మమ్మకో నానమ్మకో అప్పగించండి, వాళ్ళకు మంట అదుపు తెలుసు. రెండు చెంచాల మైదాను గ్లాసు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తెల్లదనం పోయేదాకా తిప్పాలి. అట్టుపిండి కంటే కాస్త పల్చగా ఉండగా దించేయాలి, ఆరితే అదే చిక్కబడుతుంది. పురుగు పట్టకుండా మైలుతుత్తం వేయడం పాత అలవాటు. పిల్లలు చేతులు పెట్టే జిగురులో వద్దు, అది విషం.

ముందు వైపు అయిదు ముక్కోణాలు, వెనక అయిదు, మధ్యలో ముందొక అయిదు పలకల ముక్క, వెనకొకటి. ఇవి కొలిచి కత్తిరించనక్కర్లేదు. చట్రాన్ని కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీసుకుని, చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి కోయండి. మిగిలింది పక్క గోడలు. లెక్కకు అవి పది సన్నటి ముక్కోణాలు. పది అంటించడం నాకు ఓపిక లేని పని. పక్కపక్క కొసల మధ్య ఉన్న రెండు ముక్కోణాలకు అడ్డపుల్ల ఒకటే సరిహద్దు, కాబట్టి రెండిటినీ కలిపి ఒకే ముక్కగా కోయొచ్చు. నాలుగు వైపులా 23, మధ్యలో అడ్డంగా 12 ఉండే ముక్క అయిదు కోస్తే చాలు. దీన్ని అంటించేటప్పుడు మొదట జిగురు పూయాల్సింది అడ్డపుల్లకు. కాగితాన్ని దాని మీద మడిచి, పుల్లకు పట్టేదాకా ఆగి, ఆ తర్వాతే రెండు కొసల వైపూ లాగాలి. కొసల దగ్గర ముందు అంటిస్తే కాగితం రెండు కొసల మధ్య లోయను వదిలి నేరుగా సాగుతుంది, చుక్క నడుము పోయి బూరెలా ఉంటుంది.

వెనక మధ్య ముక్కకు పై అంచు మాత్రమే అంటించి వదిలేయండి, బల్బు పెట్టే దారి అదే.

నేను కాగితం పొద్దున్నే అంటిస్తాను, మిట్టమధ్యాహ్నం అంటించను. చెన్నై గాలిలో తడి ఎక్కువ, కాగితం ఆ తడికి కాస్త సాగుతుంది. సాగి ఉన్నప్పుడు అంటిస్తే ఎండ రాగానే బిగుస్తుంది. ఎండలో అంటిస్తే రాత్రికి వదులై ముడతలు పడుతుంది. పగలు బావున్న కాగితం రాత్రికి ఎందుకు వదులవుతోందని అడిగేవాళ్ళకు ముందే చెప్తున్నాను.

లోపల అయిదు వాట్ల ఎల్ఈడీ బల్బు చాలు. దీపం, కొవ్వొత్తి, పాత ఫిలమెంటు బల్బు ఏవీ వద్దు. బల్బు కాగితానికి తగలకుండా పైన రెండు అడ్డపుల్లల మీదుగా ఒక బద్ద కట్టి హోల్డరును దానికి బిగించండి. చుక్క బరువు తాడు మీద ఉండాలి, వైరు మీద కాదు. వైరు హోల్డరులోకి వెళ్ళే ముందు కిందికి ఒక వంపు తిప్పండి, వాన పడితే నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

వాన సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఈశాన్య రుతుపవనాలు డిసెంబర్లో కూడా ఉంటాయి. వర్దా తుపాను 2016లో డిసెంబర్ 12న వచ్చింది, మిచాంగ్ 2023లో డిసెంబర్ మొదటి వారంలోనే. శాంతోమ్ వైపు నెల మొదట్లోనే చుక్కలు కట్టేస్తారు, అవి చాలావరకు ప్లాస్టిక్‌వి. కాగితానిదైతే ధనుర్మాసం ముగ్గులు మొదలయ్యేదాకా ఇంట్లోనే ఉంచమంటాను. బయట కట్టినా పైన కప్పు ఉన్న వాకిట్లోనే. కింద ముగ్గు, పైన చుక్క. మా వీధిలో క్రిస్మస్ చేసుకునే ఇళ్ళూ, సంక్రాంతి చేసుకునే ఇళ్ళూ రెండూ కట్టుకుంటాయి, ఎవరికీ పేచీ లేదు.

అభ్యాసం. పాత వంకర చట్రం విప్పి మళ్ళీ కట్టడం ఎలాగూ తప్పదు, దాన్ని అభ్యాసంగా లెక్కపెట్టను. మూడు సమాన భాగాల మీద మోజు తీరనివాళ్ళ కోసం ఒక పని ఇస్తున్నాను. ఆరు కొసల చుక్క కట్టండి. చట్రానికి ఆరు బద్దలు. మూడిటితో ఒక ముక్కోణం, మూడిటితో ఇంకొకటి, తలకిందులుగా దాని మీద. ఇందులో బద్దలు సరిగ్గా మూడో వంతు దగ్గరే దాటుతాయి. 60 అయితే 20, 20, 20. రెండు చట్రాలు, ఆరు అడ్డపుల్లలు, కాగితంతో సహా పూర్తి చేయాలి. పక్కపక్క కొసల ఎడం దారంతో కొలిచి ఎంత వచ్చిందో ఫొటోతో పాటు రాయండి. ఆరు ఎడాలూ రాయాలి. ఒక్కటే కొలిచి మిగతా అయిదూ అంతే అని రాస్తే నాకు తెలిసిపోతుంది.