పాత కంప్యూటర్‌లో డీవీడీ సినిమా ఆగి ఆగి వస్తోందా? ర్యామ్ కొనే ముందు ఇవి చూడండి

డీవీడీ పెట్టగానే బొమ్మ ఆగుతూ మాట తెగుతూ వస్తోందంటే చాలామందికి మొదట తట్టేది ర్యామ్ పెంచుదామని. నన్నడిగితే అది ఆఖరి మాట. డీవీడీలో ఉండేది ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించిన వీడియో, అదీ 720×480 లేదా 720×576 సైజు, అంతకు మించి ఉండదు. పెంటియం 4 రోజుల నాటి మెషీన్‌కి కూడా అదేం పెద్ద బరువు కాదు. అయినా ఆగుతోందంటే రెండే దారులు: డిస్క్ నుంచి డేటా టైముకి రావట్లేదు, లేదా వచ్చిన డేటాని ప్రాసెసర్ టైముకి విప్పలేకపోతోంది. ఏది నిజమో తేలకుండా సెట్టింగులన్నీ కెలికితే ఉన్నది కూడా పాడవుతుంది.

సినిమా నడుస్తుండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్. సీపీయూ (అంటే ప్రాసెసర్) వాడకం కిందెక్కడో ఉండి కూడా బొమ్మ ఆగుతుంటే అనుమానం డిస్క్ మీదా డ్రైవ్ మీదా. 100 దగ్గరే అతుక్కుపోతే ప్రాసెసర్‌కి ఊపిరాడట్లేదని అర్థం. అయితే ఇక్కడో మెలిక ఉంది. విండోస్ ఎక్స్‌పీలోనూ విండోస్ 7లోనూ అదే కిటికీలో వ్యూ మెనూలో షో కెర్నల్ టైమ్స్ అని ఉంటుంది, దానికి టిక్ పెడితే పచ్చ గీత కింద ఇంకో ఎర్ర గీత కనిపిస్తుంది, విండోస్ లోపలి పనులకీ డ్రైవర్లకీ ప్రాసెసర్ పెట్టే టైమ్ అది. ఆ ఎర్ర గీత కూడా పచ్చదాన్ని అంటిపెట్టుకుని పైకి పోతుంటే, ప్రాసెసర్ అలిసిపోతున్నది సినిమా విప్పడంలో కాకపోవచ్చు, డ్రైవ్ నుంచి డేటా మోయడంలో కావచ్చు. అప్పుడు కొత్త ప్రాసెసర్ గురించి ఆలోచించే ముందు పీఐఓ మోడ్ సంగతి చూడాలి.

మామూలుగా డీవీడీ డ్రైవ్ డీఎంఏ పద్ధతిలో పనిచేస్తుంది, అంటే డేటా నేరుగా మెమరీలోకి వెళ్తుంది, మధ్యలో ప్రాసెసర్ చెయ్యి పెట్టక్కర్లేదు. పీఐఓలో మాత్రం ప్రతి ముక్కా ప్రాసెసరే ఎత్తి పెట్టాలి. ఎక్స్‌పీ ఏం చేస్తుందంటే, గీతలు పడ్డ డిస్క్ ఏదైనా చదువుతున్నప్పుడు డ్రైవ్ ఆరుసార్లకి మించి టైమవుట్ అయితే డీఎంఏ ఆపేసి చెప్పాపెట్టకుండా పీఐఓకి దిగిపోతుంది, తర్వాత ఎంత మంచి డిస్క్ పెట్టినా తనంతట తాను పైకి రాదు. నిన్నటిదాకా బాగా ఆడిన కంప్యూటర్ ఇవాళ ఉన్నట్టుండి మొరాయిస్తే ఎక్స్‌పీలో నేను మొదట అనుమానించేది దీన్నే.

అది చూడాలంటే ఎక్స్‌పీలో మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, హార్డ్‌వేర్, డివైస్ మేనేజర్. అక్కడ ఐడీఈ కంట్రోలర్ల (డ్రైవులని మదర్‌బోర్డుకి కలిపేవి) కింద సెకండరీ ఐడీఈ ఛానెల్ తెరవండి, డీవీడీ డ్రైవ్ ఎక్కువగా దాని మీదే ఉంటుంది, లేకపోతే ప్రైమరీ చూడండి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్ దగ్గర అల్ట్రా డీఎంఏ అని ఉంటే సరే. పీఐఓ అని ఉంటే పైన ఉన్న ట్రాన్స్‌ఫర్ మోడ్‌ని డీఎంఏ ఇఫ్ అవైలబుల్‌కి మార్చండి. అది ముందే అలా ఉండి కూడా కింద పీఐఓ చూపిస్తుంటే ఆ ఛానెల్‌నే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. టెన్షన్ పడక్కర్లేదు, విండోస్ దాన్ని మళ్లీ తనే గుర్తుపట్టి పెట్టుకుంటుంది, ఒక్కోసారి రెండోసారి రీస్టార్ట్ అడుగుతుంది అంతే.

డ్రైవ్ బయటిదైతే యూఎస్‌బీ పోర్ట్ ఏదో చూసుకోండి. డీవీడీ గరిష్ఠంగా సెకనుకి 10 మెగాబిట్ల దాకా అడుగుతుంది, యూఎస్‌బీ 1.1 కాగితం మీదే 12 ఇస్తుంది, నిజంగా అందేది అంతకన్నా తక్కువ. ఇంక ఆగక ఏం చేస్తుంది! 2.0 పోర్ట్ ఉంటే ఆ గొడవే లేదు.

సినిమాలో ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంటే మాత్రం సెట్టింగులు వదిలేసి డిస్క్ తుడవండి. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడిస్తే పడే గీత డేటా పొడవునా పడుతుంది, దాన్ని డ్రైవ్ సరిదిద్దుకోవడం కష్టం.

డ్రైవ్ బాగానే ఉండి ప్రాసెసరే చాలట్లేదంటే గ్రాఫిక్స్ డ్రైవర్ సరైనది పడిందో లేదో చూడండి. విండోస్ మళ్లీ ఎక్కించాక ఇది మర్చిపోవడం మామూలే. అది లేకపోతే రంగులు మార్చడం, బొమ్మని స్క్రీన్‌కి సరిపడా సాగదీయడం కూడా ప్రాసెసర్ నెత్తినే పడతాయి. ప్లేయర్‌గా వీఎల్‌సీ చాలు, కోడెక్ ప్యాకులు (వీడియో విప్పే ప్రోగ్రాముల మూటలు) అవీ ఇవీ తెచ్చి నింపకండి, వాటితో లాభం కన్నా తలనొప్పి ఎక్కువ. విండోస్ 8 నుంచి మామూలుగా డీవీడీ ఆడించే సదుపాయం విండోస్‌తో రావట్లేదు కాబట్టి అక్కడ వీఎల్‌సీ లాంటిదొకటి ఎలాగూ కావాలి. వీఎల్‌సీలో వీడియో మెనూలో డీఇంటర్లేస్ మోడ్ (బొమ్మలో వచ్చే అడ్డ గీతలని చెరిపేది) యాడిఫ్ 2ఎక్స్ మీద ఉంటే పాత మెషీన్‌కి బరువు, బ్లెండ్ పెట్టండి, కొంచెం మసకగా ఉన్నా ఆగకుండా నడుస్తుంది. అసలు కదిలే బొమ్మల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు రాకపోతే డీఇంటర్లేస్ పూర్తిగా ఆపేయొచ్చు.

మొదటి అరగంట బాగా నడిచి తర్వాత మొదలవుతోందా? ఫ్యానూ, వేడిని లాగేసే హీట్‌సింకూ దుమ్ము పట్టి ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తనే తగ్గించుకుంటూ ఉండొచ్చు, ఆపేసి దుమ్ము దులపండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి, పవర్ సేవర్ తీసేసి చూడండి.

సినిమా మధ్యలో ఒక్కసారి, అర సెకను ఆగి మళ్లీ సాఫీగా సాగిపోతే దాన్ని పట్టించుకోకండి. 8.5 జీబీ డిస్కులో రెండు పొరలుంటాయి, ఒకటి అయిపోయి రెండోదానికి మారేటప్పుడు అలా అవుతుంది, దానికి ఏ సెట్టింగూ లేదు.