బేరియాట్రిక్ సర్జరీకి ముందు రెండు వారాలు: కాలేయం కోసం బరువు తగ్గడం ఎలా

బరువు తగ్గించే శస్త్రచికిత్సకు తేదీ ఖాయమయ్యాక, "ఈలోగా కొంత తగ్గి రండి" అని డాక్టరు చెబితే, తగ్గలేకనే కదా ఇక్కడిదాకా వచ్చాము అనిపించడం సహజం. అయితే ఆ మాట చెప్పేటప్పుడు సర్జన్ మనసులో ఉండేది ప్రధానంగా తూకపు యంత్రం మీది అంకె కాదు, మన కాలేయం.

కాలేయపు ఎడమ భాగం జీర్ణాశయం పైభాగాన్ని కప్పుకొని ఉంటుంది. స్లీవ్ (జీర్ణాశయంలో చాలా భాగం తీసేసి సన్నని గొట్టంలా మిగల్చడం) అయినా, బైపాస్ (జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి చిన్నపేగుకు నేరుగా కలపడం) అయినా, చిన్న రంధ్రాల గుండా పరికరాలను పంపి ఆ భాగాన్ని ఒక లోహపు కొక్కెంతో పైకెత్తి పట్టి ఉంచితేనే, అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోటు తెరమీద స్పష్టంగా కనబడుతుంది. కొవ్వు పట్టిన కాలేయం ఉబ్బి, బరువెక్కి, ఎత్తబోతే చిట్లి రక్తం కారేలా ఉంటుంది. పిండిపదార్థాలు తగ్గించినప్పుడు కాలేయంలోని గ్లైకోజెన్ (శరీరం దాచుకునే చక్కెర) నిల్వలు, వాటిలో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల చొప్పున పట్టి ఉన్న నీరు ముందుగా ఖర్చవుతాయి. కొవ్వు కూడా కరగడం మొదలవుతుంది. 2006లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో పన్నెండు వారాల ఆహార నియమం పాటించిన వారి కాలేయం సగటున 19 శాతం దాకా తగ్గగా, ఆ తగ్గుదలలో సుమారు 80 శాతం మొదటి రెండు వారాల్లోనే జరిగింది. అందుకే సాధారణంగా రెండు వారాలు చాలంటారు. బరువు మరీ ఎక్కువగా ఉన్నవారికి గడువు పెంచుతారు.

ఈ రెండు వారాలు రోజుకు 800 నుంచి 1000 క్యాలరీలు, 60 నుంచి 80 గ్రాముల ప్రోటీన్ అన్నది వాడుకలో ఉన్న లెక్క. నాలుగు గుడ్ల తెల్లసొనలో 14 గ్రాములు, రెండు చెంచాల ప్రోటీన్ పొడిలో (డబ్బాతో వచ్చే పెద్ద చెంచా) సుమారు 45 గ్రాములు, గిన్నెడు వెన్న తీసిన పెరుగులో ఏడెనిమిది గ్రాములు కలిపితే ఆ లెక్క నిండుతుంది. సొరకాయ, బీరకాయ కూరలు తినవచ్చు గానీ పోపు నూనెను మాత్రం చెంచాతో కొలవాలి, ఎందుకంటే ఒక్క చిన్న చెంచా నూనెలోనే 45 క్యాలరీలు ఉంటాయి. అన్నం, ఇడ్లీ, పండ్ల రసాలు పక్కన పెట్టాలి. పలుచని మజ్జిగ, చారు, నీళ్ళు ధారాళంగా తాగవచ్చు. మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, నోటి దుర్వాసన, మలబద్ధకం రావచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎంత ప్రోటీన్ తీసుకోవాలో విడిగా అడిగి తెలుసుకోవాలి.

నా ఉద్దేశంలో తిండికన్నా మందుల విషయమే ఎక్కువ ప్రమాదకరం. తిండి సగానికి పడిపోయినా షుగర్ మందులైన గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ పాత మోతాదులోనే వాడితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవారికి, రక్తంలో షుగర్ మామూలుగా కనబడుతున్నా, కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకొని ప్రాణం మీదికి రావచ్చు. ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందే వీటిని ఆపిస్తారు, ఆహార నియమం మొదలైనప్పుడే ఆపాలా అన్నది అడగాలి. బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించేవి, కళ్ళు తిరిగేలా చేస్తాయి. కాబట్టి మొదటి రోజుకు ముందే మాత్రల చీటీ మొత్తం డాక్టరు ముందు పెట్టాలి.

ఇంత చేస్తే దక్కేదేమిటి? 2011లో వెలువడిన ఒక పరీక్షలో, బైపాస్‌కు వెళ్ళే 298 మందిలో సగం మంది రెండు వారాలు 800 క్యాలరీల ఆహారం తీసుకున్నారు. ఆపరేషన్ సమయం తగ్గలేదు గానీ పని సులువైందని సర్జన్లు చెప్పారు. ఆపరేషన్ తరువాత నెలలోపు చిక్కులు ఆ ఆహారం తీసుకున్న వర్గంలో 8, తీసుకోని వర్గంలో 18. అమెరికా, కెనడాల్లో 4,80,000 మందికి పైగా రోగుల వివరాలతో 2020లో వచ్చిన విశ్లేషణలో, ముందే బరువు తగ్గినవారిలో నెలలోపు మరణాలు తక్కువగా కనిపించాయి. ఇది పరిశీలన మాత్రమే; తగ్గగలిగినవారు మొదటినుంచీ కాస్త ఆరోగ్యవంతులై ఉండవచ్చు. ముందు తగ్గితే ఏళ్ళ తరువాత ఇంకా ఎక్కువ తగ్గుతారన్న రుజువు గట్టిగా లేదు. అందుకే ఇన్ని కిలోలు తగ్గితేనే డబ్బిస్తామనే బీమా షరతును అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల సంఘం 2016లో తప్పుపట్టింది.

మరొకటి, "ఇక జన్మలో తినలేను" అంటూ ఆపరేషన్‌కు ముందు బిర్యానీ విందులు చేసుకోవడం మన ఇళ్ళలో మామూలే. ఖాళీ అయిన గ్లైకోజెన్ ఒకటి రెండు రోజుల విందుతో నీటితో సహా తిరిగి నిండిపోతుంది. పొరపాటున అలా జరిగితే మరుసటి రోజు ఉపవాసం ఉండకుండా, దాచకుండా డైటీషియన్‌కు చెప్పండి. అవసరమైతే తేదీని నాలుగు రోజులు వాయిదా వేస్తారు.