గబ్బిలం కాటా, కట్టుకథా? తేల్చుకునే పద్ధతి

"రాత్రి గబ్బిలం వచ్చి రక్తం తాగిపోయింది" అని ఎవరైనా చెబితే వెంటనే నవ్వకండి, వెంటనే నమ్మకండి. ముందుగా అడగాల్సింది ఒక్కటే: ఇది ఏ దేశంలో జరిగింది?

ఏలూరులోనో కరీంనగర్‌లోనో అయితే గబ్బిలాన్ని అక్కడికక్కడే నిర్దోషిగా వదిలేయవచ్చు. రక్తం మీదే బతికే గబ్బిలాలు ప్రపంచం మొత్తం మీద మూడు జాతులే. మూడూ మెక్సికో మొదలుకొని చిలీ మధ్య భాగం, అర్జెంటీనా ఉత్తర భాగం దాకా ఉన్న ప్రాంతంలోనే ఉంటాయి. ఆసియాలో ఒక్కటి కూడా లేదు. రక్తపిశాచాల కథలకు పేరుపడ్డ తూర్పు ఐరోపాలోనూ లేదు. 1725లో, 1732లో ఆస్ట్రియా అధికారులు సెర్బియా పల్లెలకు వెళ్లి రాసుకొచ్చిన నివేదికల్లో సమాధుల్లోంచి లేచి వచ్చిన శవాలు ఉన్నాయి గానీ గబ్బిలాల ఊసు లేదు. "వాంపైర్" అన్న ఆ పిశాచం పేరును తర్వాత ఎవరో అమెరికా గబ్బిలానికి అంటగట్టారు. పాపం, అప్పటి నుంచి ఆ పేరు దాన్ని వదల్లేదు.

నేను పశువైద్యురాలిని. ఉద్యోగం ట్రినిడాడ్‌లో. వెనెజులా తీరానికి కూతవేటు దూరంలో ఉన్న ఈ దీవిలో 60కి పైగా గబ్బిలాల జాతులుంటే, రక్తం తాగేవి రెండు. ఒకటి ఎక్కువగా ఆవులు, గాడిదలు, మేకల మీద వాలుతుంది. రెండోది పక్షుల మీద, అంటే ఇళ్ల దగ్గర కోళ్ల మీద పడుతుంది. కోడి కొమ్మ మీద నిద్రపోతుంటే కొమ్మ అడుగు నుంచి పాకి వచ్చి కాలివేలు కొరుకుతుంది. ఇక్కడి పాకల్లో నేను అనుసరించే పద్ధతినే రాస్తున్నాను. దక్షిణ అమెరికాకు ఉద్యోగానికో, అడవులు చూడడానికో వచ్చే మనవాళ్లకు పనికొస్తుంది. ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు కూడా కొంత పనికొస్తుంది, ఎలాగో మధ్యలో చెబుతాను.

పశువును తెల్లవారగానే చూడాలి, కడగకముందే చూడాలి. చాలామంది శుభ్రంగా కడిగి, పసుపు పూసి, ఆ తర్వాత నన్ను పిలుస్తారు. అప్పటికి నేను చూడగలిగేది పసుపు ఒక్కటే. టార్చి తీసుకుని మెడ పక్కలు, మూపు, చెవుల అంచులు, తోక మొదలు, గిట్టకు సరిగ్గా పైన ఉండే మెత్తటి చోటు వరుసగా వెతకండి. పంది అయితే చన్నులు కూడా చూడాలి. ఎండిపోయి నల్లబడిన రక్తపు చార ఒకటి కిందికి జారి ఉంటుంది. దాన్ని పట్టుకుని పైకి వెళితే గాయం దొరుకుతుంది.

ఆ గాయం ఎలా ఉంటుందన్నదే అసలు సంగతి. సినిమాల్లో చూపించే రెండు కోరల గాట్లు ఎక్కడా ఉండవు. రెండు చిల్లులు పక్కపక్కన కనిపిస్తే గబ్బిలాన్ని మరిచిపోయి పాము గురించి ఆలోచించండి. గబ్బిలం ముందుగా పక్క పళ్లతో ఆ చోట వెంట్రుకలు గొరిగేస్తుంది. తర్వాత కత్తివాదర లాంటి ముందుపళ్లతో పెసరగింజంత చర్మం చెక్కేసి, కారుతున్న రక్తాన్ని నాలుకతో నాకుతుంది. పీల్చడమంటూ ఉండదు. కాబట్టి మీకు కనిపించాల్సింది లోతు తక్కువగా ఉండి గుంట పడిన చిన్న గాయం, దాని చుట్టూ వెంట్రుకలు పోయిన కొద్దిపాటి జాగా. ఈ రెండూ కలిసి ఉంటే నాకు అనుమానం ఉండదు.

దాని లాలాజలంలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థాలుంటాయి. అందుకే అది ఎగిరిపోయాక కూడా గాయం చాలాసేపు కారుతూనే ఉంటుంది. రైతు చూసి బెంబేలెత్తేది ఆ రక్తాన్ని చూసే. నిజానికి 30, 40 గ్రాముల బరువుండే ప్రాణి తాగేది 20 మిల్లీలీటర్లకు అటూఇటూగా. తాగుతూ తాగుతూనే మూత్రం పోసి బరువు దించుకుంటుంది, లేకపోతే ఎగరలేదు. ఒక్క కాటుతో ఆవుకు ఏమీ కాదు. రోజూ నాలుగైదు కాట్లు పడే దూడ మాత్రం నీరసించిపోతుంది. గబ్బిలానికి రెండు మూడు రాత్రులు తిండి దొరక్కపోతే ప్రాణం పోతుంది, అందుకని ఈ రాత్రి మళ్లీ వస్తుందనే అనుకోండి. తరచుగా అదే పశువు దగ్గరికి వచ్చి, అదే గాయాన్ని మళ్లీ తెరుస్తుంది. వెన్నెల బాగా ఉన్న రాత్రుల్లో బయటికి రావడం తగ్గిస్తుంది. కాపు కాయాలంటే పంచాంగం చూసి అమావాస్య ముందువెనకల రాత్రులు ఎంచుకోండి. ఇక్కడి నా సహోద్యోగులకు గోడ మీది నా తెలుగు క్యాలెండరు వింతగా ఉండేది. ఇప్పుడు గబ్బిలాలను పట్టే వలలు కట్టే ముందు వాళ్లే వచ్చి దాన్ని చూసుకుని వెళుతున్నారు.

ఇక ఇంటి సంగతి. వేసవిలో మా పెదనాన్న ఫోను చేశారు.

"అమ్మాయీ, మన ఎద్దు మెడ మీద రక్తం కారుతోంది. పాత మండపంలో గబ్బిలాలు చేరాయి, అవే తాగుతున్నాయని ఊరంతా అంటున్నారు. నువ్వు అక్కడ వాటి మీదే పనిచేస్తున్నావు కదా, నిజమేనా?"

"రక్తం ఏ వేళప్పుడు కారుతోంది, పెదనాన్నా?"

"ఎండెక్కాక. సాయంత్రానికి ఆగిపోతుంది. మర్నాడు ఇంకోచోట."

నడి ఎండలో గబ్బిలం రాదు. మన దేశంలో పశువుల చర్మం కింద బతికే సన్నటి పురుగు ఒకటుంది, పారాఫైలేరియా అంటారు. ఆడపురుగు గుడ్లు పెట్టడానికి చర్మానికి లోపలి నుంచి చిల్లు చేస్తుంది. వేడి రోజుల్లో అక్కడి నుంచి రక్తం బొట్లుబొట్లుగా కారి చారకడుతుంది. ఆ రక్తాన్ని నాకే ఈగలు గుడ్లను మోసుకుపోతాయి. చారను చూస్తే అచ్చం గబ్బిలం కాటే. గాయం దగ్గరికి వెళితే తేడా తెలుస్తుంది: చిన్న బుడిపె ఉంటుంది, గొరిగిన జాగా ఉండదు. ఆ రక్తం బొట్టును సూక్ష్మదర్శిని కింద పెడితే గుడ్లు కనిపిస్తాయి. మండపం జోలికి వెళ్లకుండా పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లమని చెప్పాను. ఇది కాకపోతే పిడుదులు, జలగలు, ముళ్లకంచె, పుండును పొడిచే కాకులు ఉండనే ఉన్నాయి. మన ఊళ్లో గబ్బిలం పేరు ఎత్తేముందు వీటన్నింటినీ ఒక్కొక్కటిగా కొట్టేయండి.

మండపంలోని గబ్బిలం మీద నింద ఎందుకు పడుతుందో కూడా చెప్పాలి. పాత గుళ్లలో, కోటల్లో, పాడుబడ్డ ఇళ్లలో పెద్ద చెవుల గబ్బిలం ఒకటి ఉంటుంది. రెండు చెవులూ నుదుటి మీద కలిసిపోయి ఉంటాయి. శాస్త్రంలో దాని పేరు లైరోడెర్మా లైరా. అది మాంసాహారి. ఎలుక పిల్లలు, కప్పలు, బల్లులు, చిన్న పిట్టలు, ఆఖరికి చిన్న గబ్బిలాలను కూడా పట్టుకొచ్చి, తాను వేలాడే చోటే తింటుంది. కింద నేల మీద కప్ప కాళ్లు, పిట్ట ఈకలు, నెత్తుటి మరకలు పడి ఉంటాయి. పొద్దున్నే దీపం పెట్టడానికి వచ్చిన పూజారికి అవి కనిపిస్తే కథ పుట్టక ఏమవుతుంది? ఐరోపావాళ్లు కూడా దాన్ని చూసి రక్తపిపాసి అనుకునే పేరు పెట్టారు, తర్వాత ఆ పేరు ముందు "నకిలీ" అని చేర్చారు. ఒక గదిలో నిజంగా రక్తం తాగేవి ఉన్నాయో లేదో తెలియాలంటే కూడా నేలే చూడాలి. వాటి పెంట తారులా నల్లగా, జిగటగా ఉండి, అమ్మోనియా వాసన గుప్పుమంటుంది. ఈకలు, కప్ప కాళ్లు అక్కడ ఉండవు.

మనుషుల విషయానికి వస్తే జాగ్రత్త చాలా చిన్నది: దోమతెర. నాలుగు వైపులా పరుపు కిందికి దోపాలి, కాళ్లు తెరకు ఆనకూడదు. నిద్రలో కరిచేది ఎక్కువగా కాలివేళ్లు, చేతివేళ్లు, చెవులు, ముక్కు కొన, మోచేయి. చాలామందికి మెలకువే రాదు. తెల్లవారి దుప్పటి మీద రక్తం, వేలి మీద గుంట కనిపిస్తే సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడగండి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్లండి. గాయం చిన్నది కదా అని ఆగవద్దు. కారం, సున్నం, కాఫీపొడి, పసరు ఏదీ పెట్టవద్దు. కుక్క కాటుకు మన దగ్గర చెప్పే ఈ వైద్యాలన్నీ ఇక్కడా ఎవరో ఒకరు చెబుతారు.

ఈ కాటు గురించి ఇక్కడివాళ్లను అడిగితే తప్పకుండా సూకుయాన్ కథ వస్తుంది. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ రాత్రి తన చర్మాన్ని విప్పి రోట్లో దాచి, నిప్పుముద్దై ఎగిరి, తాళంచెవి రంధ్రంలోంచి ఇంట్లో దూరి రక్తం తాగుతుందట. గుమ్మం ముందు బియ్యం పోస్తే గింజా గింజా లెక్కపెట్టనిదే ముందుకు రాలేదు, ఈలోగా తెల్లారిపోతుంది. దాచిన చర్మం దొరికితే ఉప్పూ కారం జల్లాలి, మళ్లీ తొడుక్కోలేక మంటతో చచ్చిపోతుంది. ఉప్పూ మిరపకాయలూ మనకు దిష్టి తీయడానికే తెలుసు, ఇక్కడ వాటికి ఇంకో ఉద్యోగం కూడా ఉంది.

ఈ కథ చెప్పేవాళ్లను ఆటపట్టించకండి, అలా అని కథ దగ్గరే ఆగిపోకండి. ఒక మేకల రైతు తల్లి నాకు తన చేయి చూపించి "సూకుయాన్ పట్టింది, డాక్టరమ్మా" అంది. "ఏదీ, దగ్గరగా చూడనివ్వండి టాంటీ" అన్నాను. పెద్దావిడను ఇక్కడ అలాగే పిలుస్తారు. మోచేతి పైన నీలంగా కమిలిన మచ్చ. చర్మం ఎక్కడా తెగలేదు. దుప్పటికి రక్తం అంటలేదు. సూకుయాన్ గుర్తు అని అందరూ చెప్పేది ఇలాంటి కమిలిన మచ్చనే, గబ్బిలం వదిలేది కారుతున్న గుంటను. ఈ రెంటినీ కలిపేసి "ఆ కథ గబ్బిలం నుంచే పుట్టింది" అని తేలిగ్గా తేల్చేసేవాళ్ల మాట నేను ఒప్పుకోను. కమిలిన మచ్చకు మనుషుల వైద్యుణ్ని చూడమన్నాను. రక్తం పలచబడే మందులు వేసుకునే పెద్దవాళ్లకు ఊరికే చర్మం కములుతుంది. ఆ తర్వాత ఆవిడే మాటల్లో "మా కోళ్ల కాళ్లకు కూడా పుళ్లు పడుతున్నాయి" అంది. చూస్తే కాలివేళ్ల మీద గుంటలు! నాకు కావలసిన సంగతి అదీ. నవ్వి వచ్చేసి ఉంటే ఆ కోళ్ల గూటికి ఇనుప జాలీ పడేది కాదు.

ఊరివాళ్ల మాటను చెవిన పెట్టమనడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. 1835లో చిలీలోని కోకింబో దగ్గర డార్విన్ బృందం రాత్రి విడిది చేసినప్పుడు ఒక గుర్రం కుదురుగా నిలబడలేదు. పనివాడు వెళ్లి దాని మూపు మీద చెయ్యి వేసి గబ్బిలాన్ని పట్టేశాడు. గబ్బిలాలు గుర్రాలను కరుస్తాయన్న మాటను అప్పటికి ఇంగ్లండులో శంకిస్తూ ఉండేవారు. (అలా చేత్తో పట్టడం మాత్రం మీరు చేయకండి.) బ్రెజిల్‌లో పట్టపగలు గబ్బిలాలు ఆవుల మీద పడుతున్నాయని రైతులు చెప్పిన మాటను పట్టించుకుని, అవి రేబిస్‌ను వ్యాపింపజేస్తున్నాయేమోనని 1911లో రాసినవాడు ఆంటోనియో కరీనీ అనే శాస్త్రవేత్త. ట్రినిడాడ్‌లో 1925లో పశువులు కాళ్లు పడిపోయి చచ్చిపోతుంటే విషాహారం అన్నారు. 1929లో మనుషులకు వస్తే పోలియో అన్నారు. ఇక్కడివాడే అయిన జోసెఫ్ లెనాక్స్ పవాన్ అనే వైద్యుడు 1931, 32లలో దాన్ని రేబిస్ అని, మోసుకొస్తున్నది రక్తం తాగే గబ్బిలమని తేల్చాడు.

ఈ రేబిస్‌ను గుర్తుపట్టడం పశువులున్న ప్రతివాళ్లూ నేర్చుకోవాలి. పిచ్చికుక్కలా మీద పడడం ఇందులో అంతగా ఉండదు. మొదట వెనక కాళ్లు తడబడతాయి, తోక వేలాడిపోతుంది. మింగలేక చొంగ కారుస్తుంది. చూసేవాళ్లకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే ఉంటుంది, వెంటనే ఎవరో ఒకరు మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతారు. అదొక్కటీ చేయవద్దు. వైరస్ ఉండేది ఆ చొంగలోనే. పశువును విడిగా కట్టేసి, పిల్లల్ని దూరంగా ఉంచి, పశువైద్యుణ్ని పిలవండి. కాటు పడే ప్రాంతమైతే మందలో మిగిలినవాటికి టీకా వేయించాలి. లక్షణాలు మొదలైనదానికి వైద్యం లేదు.

గుహలకు నిప్పు పెట్టడం, పాడుబడ్డ ఇళ్లలో పొగ వేయడం మానండి. చచ్చేవి ఎక్కువగా పురుగుల్ని, పండ్లను తినే గబ్బిలాలు. రక్తం గడ్డకట్టనివ్వని మందు కలిపిన లేపనాన్ని పట్టుకున్న గబ్బిలం వీపుకు పూసి వదలడం 1970ల నుంచి లాటిన్ అమెరికాలో ఉంది. గూటికి వెళ్లాక ఒకదాన్నొకటి నాకుకుని చస్తాయి. అది టీకా వేయించుకుని శిక్షణ పొందినవాళ్ల పని. దానికీ హద్దుంది: ఒక ప్రాంతానికి వైరస్ వచ్చేశాక గబ్బిలాలను చంపితే మిగిలినవి చెదిరిపోయి దాన్ని ఇంకా దూరం మోయవచ్చని పెరూలో చేసిన పరిశోధనల్లో తేలింది. నన్ను అడిగితే ముందు టీకా, తర్వాత వల.

పశువైద్యుడికి ఫోను చేసేటప్పుడు ఈ వివరాలు దగ్గర పెట్టుకోండి: కాటు మొదట ఎప్పుడు చూశారు, ఒంటి మీద ఎక్కడ, ఎన్ని పశువులకు, చుట్టుపక్కల ఏదైనా కాళ్లు పడిపోయి చచ్చిందా. చచ్చిన పశువు ఉంటే కోయవద్దు, తోలు తీయవద్దు, పాతిపెట్టవద్దు. పరీక్షకు మెదడు కావాలి, దాన్ని మేమే వచ్చి తీసుకుంటాం. ఈలోగా దాని నోట్లో చెయ్యి పెట్టినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి, అందరినీ టీకాకు పంపండి.