మీ ఎంపీ ఏడాది పొడవునా సభలో చేసిన పనిని లెక్కకట్టడం ఎలా?

మనం ఎంపీని ఢిల్లీకి పంపేది చట్టాలు చదవడానికి, ప్రభుత్వాన్ని నిలదీయడానికి, ఖర్చుకు లెక్క అడగడానికి. అయిదేళ్లూ కొలిచేది మాత్రం శంకుస్థాపనలతో, పరామర్శలతో, ఫ్లెక్సీల మీద ఫొటోలతో. సభలో జరిగిన పనికి తేదీలతో సహా రాతపూర్వకమైన ఆధారం ఉంది. దాన్ని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఒక కంప్యూటర్, ఒక ఎక్సెల్ పట్టిక, రెండు ఆదివారాలు ఉంటే మీ ఎంపీ పేరిట ఏడాదికొక పేజీ మీరే తయారు చేసుకోవచ్చు. నేను కొన్నేళ్లుగా మా నియోజకవర్గం విషయంలో ఇదే చేస్తున్నాను. ఆ పద్ధతిని, అందులో జారిపడే చోట్లను ఇక్కడ రాస్తున్నాను.

ముందు: ఎవరిని కొలవకూడదో తెలుసుకోండి

కొందరికి ఈ కొలత వర్తించదు. మంత్రులు సభలో ప్రశ్నలు అడగరు, సమాధానాలు చెబుతారు. హాజరు పట్టికలో సంతకం చేయవలసిన అవసరమూ వారికి లేదు. స్పీకర్‌కూ, ప్రతిపక్ష నేతకూ కూడా సంతకం అవసరం లేదు. అమలాపురం నుంచి గెలిచిన జీఎంసీ బాలయోగి 1998 నుంచి 2002లో మరణించే వరకు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నారు. ఆ కాలానికి ఆయన పేరు పక్కన ప్రశ్నల గడిలో ఏమీ ఉండదు. సభ మొత్తాన్ని నడిపించిన మనిషి పని ఆ గడిలో పట్టదు. మంత్రి పేరు పక్కన సున్నా చూపించి "చూడండి, నోరు విప్పలేదు" అని ఫోన్లలో తిరిగే సందేశాలు నేను చాలా చూశాను. అవి తప్పు, అన్యాయం కూడా. మీ ఎంపీ ఏడాది మధ్యలో మంత్రి అయితే, అంతకు ముందరి నెలల వరకే లెక్క తీయండి.

భాగహారం తప్పకుండా చేయండి

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. "మా ఎంపీ 90 ప్రశ్నలు అడిగారు" అన్న మాటకు విడిగా అర్థం లేదు. ఎన్ని రోజులు సభ జరిగితే 90 అన్నది కావాలి. 1952లో మొదలైన తొలి లోక్‌సభ మొత్తం 677 రోజులు సమావేశమైంది. 2019లో మొదలై 2024లో ముగిసిన 17వ లోక్‌సభ సమావేశమైంది 274 రోజులే. అంటే ఏడాదికి సగటున 55 రోజులు. పూర్తి కాలం నడిచిన లోక్‌సభల్లో ఇంత తక్కువ మరొకటి లేదు. ఈ బాధ్యత ఒక్కొక్క ఎంపీది కాదు, సభను పిలిచేది ప్రభుత్వం. రాజ్యాంగం 85వ అధికరణం రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి విరామం ఉండకూడదని మాత్రమే చెబుతుంది.

కాబట్టి ఏడాదిని బడ్జెట్ సమావేశాల మొదటి రోజు నుంచి శీతాకాల సమావేశాల చివరి రోజు వరకు తీసుకోండి. సభ కూర్చున్న రోజులను లెక్కపెట్టి పేజీ పైన పెద్దగా రాయండి. ఆ కింద వచ్చే ప్రతి అంకెనూ దానితో భాగించాలి.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. సభ 60 రోజులు జరిగింది. మొదటి ఎంపీ 51 రోజులు హాజరై 90 ప్రశ్నలు అడిగారు. రెండో ఎంపీ ఉప ఎన్నికలో గెలిచి వచ్చారు. ఆయన ప్రమాణ స్వీకారం తర్వాత సభ జరిగింది 20 రోజులే. అందులో 18 రోజులు హాజరై 36 ప్రశ్నలు అడిగారు. విడి అంకెల్లో 90 ఎక్కడ, 36 ఎక్కడ! భాగించి చూస్తే మొదటివారు సభాదినానికి 1.5, రెండోవారు 1.8. హాజరు మొదటివారిది 85 శాతం, రెండోవారిది 90 శాతం.

ఏడాదిలో ఏదైనా అసాధారణం జరిగితే అది కూడా పేజీ పైనే రాసుకోండి. 2020 వర్షాకాల సమావేశాల్లో కోవిడ్ పేరిట ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు, రాతపూర్వక సమాధానాలు మాత్రం వచ్చాయి. ఆ ఏడాది శీతాకాల సమావేశాలు అసలు జరగలేదు. 2023 డిసెంబరులో రెండు సభల్లో కలిపి 146 మంది ఎంపీలను సస్పెండ్ చేశారు, వారిలో 100 మంది లోక్‌సభ వారే. సస్పెండైన రోజులను గైర్హాజరు కింద వేయకండి, వాటికి వేరే వరుస పెట్టండి. ఆ సస్పెన్షన్ న్యాయమా కాదా అన్నది చదివేవారు తేల్చుకుంటారు.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి?

పార్లమెంటు అధికారిక వెబ్‌సైట్ 'సంసద్'లో ప్రతి సభ్యుడి పేజీ ఉంటుంది. ప్రశ్నలు, వాటి సమాధానాలు, చర్చల పాఠం, ప్రైవేటు సభ్యుల బిల్లులు అక్కడ చూడవచ్చు. ఢిల్లీలోని పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ ఈ వివరాలన్నీ ఒక్కచోట చేర్చి, జాతీయ సగటు, రాష్ట్ర సగటులతో సహా 'ఎంపీ ట్రాక్' పేరుతో ఇస్తుంది. మొదట పీఆర్ఎస్ పేజీ చూడండి, తర్వాత సంసద్‌లో సరిపోల్చుకోండి. పీఆర్ఎస్ పట్టికను తేదీల వారీగా దింపుకొని మీ ఏడాదికి సంబంధించిన వరుసలను మాత్రం ఉంచుకోండి, ఎందుకంటే అక్కడ పైన కనిపించే మొత్తం ఆ లోక్‌సభ మొదలైనప్పటి నుంచీ ఉన్నది.

హాజరు

దీని మీద ఎక్కువ సమయం పెట్టకండి. సంతకం ఉందంటే ఆ రోజు వచ్చారని, దినభత్యానికి అర్హులయ్యారని మాత్రమే. సంతకం పెట్టి పది నిమిషాల్లో వెళ్లిపోయినా హాజరే. 17వ లోక్‌సభలో సగటు హాజరు 79 శాతం. అందువల్ల 78కీ 82కీ తేడా వెతకడం వృథా. 50కి తగ్గితే మాత్రం కారణం అడగవలసిందే.

ప్రశ్నలు: లెక్కపెట్టాక తప్పక చదవండి

లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20 మాత్రమే జాబితాకు ఎక్కుతాయి. మంత్రి నోటితో సమాధానం చెప్పేది వీటికే. అనుబంధ ప్రశ్నలు వేసే అవకాశం కూడా వీటిలోనే. గుర్తు లేని ప్రశ్నలు 230 వరకు ఉంటాయి, వాటికి రాతలోనే జవాబు. సభ్యులిచ్చిన నోటీసుల్లో ఏది ముందు రావాలో లాటరీ పద్ధతిలో తేలుస్తారు. అంటే ఇద్దరు సభ్యుల మధ్య పది ప్రశ్నల తేడా అదృష్టం వల్ల కూడా రావచ్చు. దాన్ని పట్టుకొని ఒకరిని గొప్ప, ఒకరిని తక్కువ అనవద్దు.

ఈ అంకెకు ఇంకా పెద్ద లోపం ఉంది. 2005 డిసెంబరులో, ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకుంటూ రహస్య కెమెరాకు చిక్కిన 11 మంది ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది. డబ్బుకు అడిగిన ప్రశ్న కూడా లెక్కలో ఒకటే. అందుకే నేను ఏడాది ప్రశ్నలన్నీ వరుసగా చదివి, ప్రతిదాని పక్కన ఒక అక్షరం వేస్తాను. మా నియోజకవర్గానికి సంబంధించినదైతే 'ని', రాష్ట్రానిదైతే 'రా', దేశవ్యాప్త విధానమైతే 'వి', మరో అయిదారుగురితో ఉమ్మడిగా అడిగినదైతే 'ఉ'. ఇలా వేసేసరికి 90 ప్రశ్నల రూపురేఖలు కళ్లకు కడతాయి. రైల్వే లైన్ల గురించి ముప్పై అడిగిన మనిషి, తన ప్రాంతంలో పత్తి రైతుల గురించి ఒక్కటీ అడగలేదని అప్పుడు తెలుస్తుంది.

చదివేటప్పుడు మంత్రి సమాధానంలో "పరిశీలిస్తాం", "వివరాలు సేకరిస్తున్నాం" వంటి మాటలు ఎక్కడ వచ్చాయో గుర్తు పెట్టుకోండి. అటువంటి హామీలను మూడు నెలల్లో నెరవేర్చాలన్న నియమం ఉంది, వాటిని చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఆ హామీని మీ ఎంపీ తర్వాతి సమావేశాల్లో మళ్లీ అడిగారా? అడిగితే ఆ ఒక్క ప్రశ్నకు నేను పది కొత్త ప్రశ్నల విలువ ఇస్తాను.

చర్చలు: మూడు గంపలు

'చర్చల్లో పాల్గొన్న సంఖ్య' అనే అంకెలో ఒక చిక్కు ఉంది. జీరో అవర్‌లో, అంటే అత్యవసర ప్రజా సమస్యలు లేవనెత్తే సమయంలో, నిమిషం సేపు ఊరి వంతెన గురించి చెప్పినా ఒకటే, బిల్లు మీద ఇరవై నిమిషాలు సెక్షన్ల వారీగా మాట్లాడినా ఒకటే. 377వ నిబంధన కింద ఇచ్చే అంశాలైతే చాలాసార్లు చదవకుండా రాతగా సభకు సమర్పించేవి. అవి కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

అందుచేత వీటిని మూడు గంపల్లో వేయండి. మొదటిది చట్టాల పని: బిల్లుల మీద ప్రసంగాలు, ప్రతిపాదించిన సవరణలు. రెండోది నిఘా పని: బడ్జెట్, శాఖల పద్దులు, విధానాల మీద చర్చలు. మూడోది ప్రాతినిధ్యం: జీరో అవర్, 377. మూడూ కావలసినవే. అయితే మూడో గంప నిండి మొదటిది ఖాళీగా ఉందంటే ఆ ఎంపీ ఊరి విన్నపాలు మోశారు, చట్టాల జోలికి వెళ్లలేదు. ఆ తేడా ఓటరుకు తెలియాలి.

చర్చలో సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. పెద్ద అధికార పక్షంలో కొత్తగా వచ్చిన సభ్యుడికి వంతు రావడమే కష్టం. నలుగురున్న చిన్న పార్టీలో ప్రతి బిల్లుకూ ఎవరో ఒకరు లేస్తారు. పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ప్రైవేటు సభ్యుల బిల్లులు

మంత్రి కాని ఏ సభ్యుడైనా బిల్లు పెట్టవచ్చు. కానీ స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివి చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. కాబట్టి "ఎన్ని ఆమోదం పొందాయి" అని అడిగితే అందరికీ సున్నాయే. తిరుచ్చి శివ ప్రవేశపెట్టిన ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లును 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించింది. అది లోక్‌సభ దాటలేదు. అయినా ఆ తర్వాత ప్రభుత్వమే తన బిల్లు తెచ్చింది, 2019లో చట్టమైంది. ఈ గడిలో అంకె వేసి వదలకుండా బిల్లు పేరు, అది దేనికోసమో ఒక వాక్యం రాయండి.

ఓట్లు

అమెరికా కాంగ్రెస్ సభ్యుల విషయంలో ఓటింగ్ రికార్డే ప్రధాన కొలత. మన దగ్గర అది పనికిరాదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల విప్, అంటే పార్టీ ఆదేశం, జారీ అయితే పార్టీ చెప్పినట్టు ఓటు వేయాలి. పైగా చాలా బిల్లులు మూజువాణి ఓటుతో, అంటే నోటితో అవును, కాదు అనిపించి, గడిచిపోతాయి. తెలుగువారి జీవితాలను మార్చిన ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. ఆ రోజు ఏ ఎంపీ ఎటువైపు ఉన్నారో చెప్పే పేర్ల జాబితా లేదు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది. రాజ్యాంగ సవరణలకు మాత్రం ఓట్లు నమోదవుతాయి. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ ఎంపీ. అలాంటి నమోదైన ఓట్లు ఏడాదిలో రెండో మూడో దొరికితే పేజీలో చేర్చండి, అంతే.

ఎవరూ చూడని గని: కమిటీ మినిట్స్

శాఖలకు అనుబంధంగా 24 స్థాయీ సంఘాలు, అంటే స్టాండింగ్ కమిటీలు, ఉన్నాయి. ఒక్కోదానిలో 31 మంది, వారిలో 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ సభ్యులు. కార్యదర్శుల స్థాయి అధికారులను ఎదురుగా కూర్చోబెట్టి పద్దుల గురించి అడిగేది ఇక్కడే. టీవీ కెమెరాలు ఉండవు, నినాదాలు ఉండవు. ఎంపీ ఎంత చదివి వచ్చారో నిజంగా తేలేది ఇక్కడేనని నా నమ్మకం. తలుపులు మూసి జరుగుతాయి కాబట్టి ఎవరు ఏమి మాట్లాడారో మనకు తెలియదు. అయితే కమిటీ నివేదికల చివరన సమావేశాల మినిట్స్, అంటే కార్యక్రమ నమోదు, జతచేస్తారు, అందులో ఆ రోజు హాజరైన సభ్యుల పేర్లు ఉంటాయి.

మీ ఎంపీ ఏ కమిటీలో ఉన్నారో చూసి, ఆ ఏడాది నివేదికలన్నీ దింపుకోండి. ఒకే సమావేశం మినిట్స్ రెండు నివేదికల్లో వస్తుంటాయి కాబట్టి తేదీ చూసి రెండుసార్లు లెక్కించకుండా జాగ్రత్తపడండి. పదిహేను సమావేశాల్లో పేరు ఎన్నిసార్లు కనిపించిందో లెక్కపెట్టండి. విసుగు పుట్టించే పనే. కానీ సభలో 90 శాతం హాజరున్న మనిషి కమిటీలో సగం సమావేశాలకు రాలేదని తెలిసేది ఈ పనివల్లే. తారుమారుగానూ జరుగుతుంది. సభలో మౌనంగా కనిపించే కొందరు కమిటీకి ఒక్కరోజూ మానరు.

పోలిక ఎవరితో?

సగటు మోసం చేస్తుంది. అయిదుగురు ఎంపీలు వరుసగా 10, 20, 30, 40, 400 ప్రశ్నలు అడిగారనుకోండి. సగటు 100. ఈ లెక్కన 40 అడిగినవారు సగటులో సగం కూడా లేరు. వరుసలో మధ్య అంకె, అంటే మధ్యగతం, 30. దాని ప్రకారం 40 అడిగినవారు సగం మంది కన్నా పైన ఉన్నారు. ప్రశ్నల అంకెలు ఎప్పుడూ ఇలా కొద్దిమంది దగ్గరే గుట్టపడతాయి. కాబట్టి ఎక్సెల్‌లో మీ రాష్ట్రం ఎంపీల వరుస పెట్టి, మంత్రులను తీసేసి, మధ్యగతం చూడండి. ఆంధ్రప్రదేశ్‌కు 25 మంది, తెలంగాణకు 17 మంది, అరగంట పని. ఆ పక్కనే మీ ఎంపీ కిందటి ఏడాది అంకె కూడా, సభాదినాలతో భాగించి, రాయండి. నాకు ఈ రెండో పోలికే ఎక్కువ నమ్మకం, ఎందుకంటే మనిషి, పార్టీ, నియోజకవర్గం మారవు.

అన్నిటినీ కలిపి వందకు ఇన్ని మార్కులని వేయాలనిపిస్తుంది. వేయకండి. హాజరుకు 20, ప్రశ్నలకు 30 అని మీరు పెట్టే వాటాయే ఫలితాన్ని తేల్చేస్తుంది, చదివేవారికి అది కనిపించదు. ఏడాదికి అయిదు కోట్ల ఎంపీ నిధుల ఖర్చును కూడా ఇందులో కలపకండి. అది పనికొచ్చే లెక్కే, కానీ చట్టసభ పని కాదు.

పేజీ పూర్తయ్యాక

ఎవరికీ పంపకముందు ఎంపీ కార్యాలయానికి పంపండి. అంకెల్లో తప్పుంటే చెప్పమని, కమిటీకి రాని రోజులకు కారణం ఉంటే రాయమని మర్యాదగా అడగండి. పదిహేను రోజులు గడువివ్వండి. జవాబొస్తే యథాతథంగా పేజీ కింద చేర్చండి, రాకపోతే పంపిన తేదీ మాత్రం రాయండి. ఇదే పని ఎమ్మెల్యే విషయంలో చేయదలిస్తే వివరాలు ఇంత సులువుగా ఒక్కచోట దొరకవు. సమాచార హక్కు చట్టం కింద శాసనసభ సచివాలయానికి దరఖాస్తు పెట్టి మూడే అడగండి: ఆ ఏడాది సభ జరిగిన రోజులు, మీ సభ్యుడు హాజరైన రోజులు, ఆయన ఇచ్చిన ప్రశ్నల ప్రతులు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.